దొంగ పట్టా, ఇనప్పెట్టె: చియెన్ జోంగ్‌షు చూసిన విశ్వవిద్యాలయం

చియెన్ జోంగ్‌షు రాసి, 1947లో షాంఘైలో పుస్తకంగా వచ్చిన 'వెయ్‌చెంగ్' (ముట్టడిలో ఉన్న కోట) నవలలో ఒకే దొంగ విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్న మేష్టార్లు ఇద్దరున్నారు. ఆ విశ్వవిద్యాలయం పేరు క్లైడెన్. అమెరికాలో ఉందంటారు గాని భూప్రపంచంలో ఎక్కడా లేదు. కథానాయకుడు ఫాంగ్ హోంగ్‌జియెన్ నాలుగేళ్లు లండన్, పారిస్, బెర్లిన్ తిరిగి ఏ చదువూ పూర్తి చేయడు. ఇంటిముఖం పట్టే వేళ, డబ్బు పెట్టి చదివించిన పెద్దలకు ఏదో ఒకటి చూపించాలి గనుక, న్యూయార్కులోని ఒక ఐరిష్‌వాడితో ఉత్తరాల మీద బేరమాడి డాక్టరేటు కొంటాడు. స్వదేశంలో ఓడ దిగేసరికి ఆ వార్త ఫొటోతో సహా పత్రికకెక్కి ఉంటుంది. అది చూసి ఫాంగ్ సిగ్గుతో కుంచించుకుపోతాడు. తర్వాత హునాన్ రాష్ట్రంలో కొత్తగా పెట్టిన సాన్‌ల్యూ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చినప్పుడు, తన వివరాల్లో ఆ పట్టా ఊసే ఎత్తడు.

ఫలితం ఏమైంది? పట్టా చూపలేదు గనుక ప్రొఫెసర్ పదవి ఇవ్వడం కుదరదన్నాడు విశ్వవిద్యాలయ అధ్యక్షుడు. అసోసియేట్ ప్రొఫెసరుగా సర్దుకోమన్నాడు. అదే విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖకు అధిపతి హాన్ ష్యూయూ. ఆయనా క్లైడెన్ డాక్టరే. అయితే ఆయన ఆ పట్టాను ధైర్యంగా ముందు పెట్టుకున్నాడు. అమెరికా పత్రికల్లో తన రచనలు వచ్చాయనీ రాసుకున్నాడు. విప్పి చూస్తే ఒకటి, చైనా మీద పరిశోధన చేసేవారికి తక్కువ రుసుముకు సాయం చేస్తానన్న చిన్న ప్రకటన. ఇంకొకటి, పాత సంచికలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అంటూ సంపాదకుడికి రాసిన ఉత్తరం. రష్యా నుంచి వలస వచ్చిన భార్యను అమెరికావాసిగా చెప్పుకుని, ఆమెకు ఇంగ్లీషు శాఖలో ఉద్యోగం చూస్తుంటాడు. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం పోయింది ఫాంగ్‌కు. హాన్ కుర్చీ కదలలేదు.

చియెన్ జోంగ్‌షు తన కాలపు విద్యాలోకం మీద చేసిన విమర్శకు కేంద్రం ఇక్కడుంది. ఇద్దరూ మోసగాళ్లే. వారిలో సిగ్గు కాస్త మిగిలినవాడికి తక్కువ జీతం, అదీ లేనివాడికి శాఖాధిపత్యం. అబద్ధం చెప్పేవాళ్లు ఏ వ్యవస్థలోనైనా ఉంటారు. సిగ్గు పడినవాడికి జరిమానా వేసే వ్యవస్థ ఎలా పనిచేస్తుందో చూపించడం ఈ నవల చేసిన పని. ముప్పై నాలుగేళ్ల తర్వాత, డెబ్బై దాటిన వయసులో, చియెన్ మళ్లీ అదే సిగ్గు గురించి ఒక చిన్న ముందుమాట రాశారు. ఈసారి నిందలో తనను కూడా కలుపుకున్నారు. ఈ రెండు రచనల మధ్య ఉన్న దూరమంతా ఇరవయ్యో శతాబ్దపు చైనా పండితుల చరిత్ర.

తెలుగు పాఠకులకు ఆధునిక చైనా సాహిత్యం అనగానే లూ షున్ పేరు తోస్తుంది. చియెన్ పేరు ఇక్కడ అంతగా వినపడలేదు. ఆయన 1910 నవంబరు 21న వూషీ పట్టణంలో పండిత కుటుంబంలో పుట్టారు. తండ్రి చియెన్ జీబో ప్రాచీన సాహిత్యంలో పేరున్న ఆచార్యుడు. మన ఇళ్లలో అన్నప్రాశన నాడు పిల్లవాడి ముందు పుస్తకం, బంగారం, కత్తి పెట్టి ఏది పట్టుకుంటాడో చూసినట్టే, అక్కడా ఏడాది నిండిన రోజున చూస్తారు. ఈ పిల్లవాడు పుస్తకం పట్టుకున్నాడట. పుస్తకాలంటే ప్రీతి అని అర్థం వచ్చే పేరు అందుకే పెట్టారు. 1929లో పెకింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో చేరి 1933లో పట్టభద్రుడయ్యారు. 1935లో బ్రిటిష్ బాక్సర్ పరిహార నిధి ఇచ్చే ఉపకార వేతనం మీద, కొత్తగా పెళ్లాడిన యాంగ్ జియాంగ్‌తో కలిసి ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు.

ఎక్సెటర్ కళాశాలలో రెండేళ్లు చదివి, 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు సాహిత్యంలో చైనా ఎలా కనిపించిందో పరిశీలిస్తూ సిద్ధాంత గ్రంథం రాసి బి.లిట్. పట్టా పొందారు. పాత చేతిరాతలు చదివే పరీక్ష ఒకటి మొదటిసారి తప్పి, మళ్లీ రాసి గట్టెక్కారు. తర్వాత పారిస్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేయించుకుని కూడా డాక్టరేటు ఆలోచన మానుకున్నారు. ఆ పట్టా కోసం చేయాల్సిన తతంగానికి పోయే కాలంలో ఇష్టమైన పుస్తకాలు చదువుకోవచ్చన్నది ఆయన లెక్క. డాక్టరేటు చేతికందే దూరంలో ఉండగా వదులుకున్న మనిషే దొంగ డాక్టరేటు కథ రాశారు. అందుకే ఆ కథలో అసూయ లేదు.

పట్టా చుట్టూ అంత పిచ్చి ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే 1905కు వెళ్లాలి. శతాబ్దాలుగా చైనాలో చదువుకూ అధికారానికీ మధ్య వంతెనగా నిలిచిన రాజాస్థాన పరీక్షలు ఆ సంవత్సరం రద్దయ్యాయి. ఆ పరీక్షలకున్న గౌరవమంతా జపాన్, అమెరికా, ఐరోపా పట్టాలకు బదిలీ అయింది. విదేశం వెళ్లి వచ్చినవారే ఒక వర్గమయ్యారు. నవలలో ఫాంగ్ తండ్రి పాత పరీక్షల కాలపు మనిషి. కొడుకు తెచ్చే విదేశీ కాగితం ఆయనకు పూర్వకాలపు రాజముద్రతో సమానం. 1940లో చైనా విద్యా మంత్రిత్వ శాఖ అధ్యాపకుల అర్హతల పరిశీలనకు నియమాలు కూడా తెచ్చింది. సదుద్దేశంతోనే తెచ్చి ఉంటుంది. కానీ చదువును కొలవడానికి కాగితం తప్ప వేరే సాధనం లేనిచోట కాగితం అచ్చు వేసేవాడే గురువవుతాడు.

చియెన్‌కు ఈ లోకం దగ్గరి నుంచి తెలుసు. 1938లో స్వదేశం తిరిగి వచ్చేసరికి జపాన్ సేనలు తీరప్రాంతంలో చాలా భాగం ఆక్రమించాయి. పెకింగ్, చింగ్‌హువా, నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాలు మూడూ దేశం నైరుతి మూలకు తరలి, కున్‌మింగ్‌లో ఒకే విశ్వవిద్యాలయంగా నడుస్తున్నాయి. ఆయన అక్కడ ఏడాది పాఠం చెప్పారు. 1939లో తండ్రి పనిచేస్తున్న హునాన్‌లోని లాన్‌టియెన్ ఉపాధ్యాయ కళాశాలకు వెళ్లారు. యుద్ధం మధ్యలో షాంఘై నుంచి అక్కడికి చేరడానికి నెల రోజులు దాటింది. ఆ ప్రయాణమే నవలలో సాన్‌ల్యూ ప్రయాణమయింది. పాత్రలకు మాత్రం నమూనాలు వెతకవద్దని యాంగ్ జియాంగ్ తర్వాత ఒక వ్యాసంలో రాశారు. దారిలో ఆయనతో ఉన్నవారిలో నవలలోని ప్రయాణికులను పోలినవారు ఎవరూ లేరట. తునకలు అక్కడా ఇక్కడా ఏరి, కలిపి, కల్పించారట.

ఆ కల్పనలో మరపురానిది లీ మేయ్‌టింగ్ ఇనప్పెట్టె. లీ చైనా సాహిత్య శాఖాధిపతిగా వెళుతున్నాడు. దారి పొడవునా ఆ భారీ పెట్టెను మోయించలేక అందరి ప్రాణాలూ విసుగెత్తుతాయి. ఒకచోట మూత తీసి చూపిస్తాడు. లోపల వరసగా చిన్న చిన్న సొరుగులు, వాటి నిండా కవుల పేర్లతో, విషయాల పేర్లతో అమర్చిన కార్డులు. పుస్తకాలు కాలి బూడిదైనా ఈ కార్డులుంటే చాలు, పాఠం చెప్పేయగలనంటాడు. కార్డుల అరల కింద ఏముందో తర్వాత బయటపడుతుంది. లోపలి ప్రాంతాల్లో దొరకని విదేశీ మందులు: అక్కడికి తీసుకెళ్లి హెచ్చు ధరకు అమ్ముకోవడానికి కొని దాచినవి. తోటి ప్రయాణికురాలైన చిన్న ఉపాధ్యాయిని జబ్బు పడితే, ఆమెకు పనికొచ్చే మందు పెట్టెలో ఉండి కూడా లీ బయటికి తీయడు. కట్ట విప్పితే ధర పడిపోతుంది. ముందే మూత తీసి ఉన్న చేపనూనె మాత్ర ఒకటి ఇస్తాడు.

పైన కార్డులు, కింద మందులు. రెండూ సరుకే. కరువు ప్రాంతానికి చేరేసరికి దేనికెంత ధర పలుకుతుందో లీకి తెలుసు. చదువు సరుకైపోయిందని వ్యాసం రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక పెట్టె మూత తీసి ఆ సంగతి కళ్లకు కట్టినవాడు చియెన్.

ఆ పెట్టె పక్కనే చియెన్ సొంత రాతప్రతులను పెట్టి చూడాలి. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో పుస్తకం ఇంటికి ఇవ్వరు. చదివింది రాసుకోవలసిందే. అక్కడ పట్టుబడిన అలవాటు జీవితాంతం పోలేదు. విదేశీ భాషల పుస్తకాల మీద ఆయన రాసుకున్న నోటు పుస్తకాలు 178, పుటలు 34,000 పైన. చైనా గ్రంథాల మీద రాసుకున్నవి వేరు. ఇంట్లో పుస్తకాలు ఎక్కువ ఉండేవి కావనీ, తెచ్చి చదివి, రాసుకుని, తిరిగి ఇచ్చేసేవారనీ యాంగ్ జియాంగ్ చెప్పారు. యుద్ధాల్లో, వలసల్లో ఈ నోటు పుస్తకాలు కూడా పెట్టెల్లోనూ సంచుల్లోనూ ఊరూరా తిరిగాయి. లీ కార్డులకూ వీటికీ పైకి తేడా తక్కువ. ఒకటి పాఠం చెప్పి గండం గట్టెక్కడానికి, రెండోది రాసుకున్నాక మళ్లీ మళ్లీ తిరగేసి, మొదట తోచింది తప్పని తేలితే దిద్దుకోవడానికి. గ్రంథంగా అచ్చయ్యాక కూడా ఆయన అనుబంధాలు రాస్తూనే ఉన్నారు.

నవలలో ఇంకా చాలామంది ఉన్నారు. పేరున్న పాశ్చాత్య తత్వవేత్తలందరికీ పొగడ్త ఉత్తరాలు రాసి, వాళ్లు మర్యాదకు పంపిన జవాబులతో తత్వవేత్త అయిపోయిన చూ షెన్‌మింగ్ ఒకడు. బెర్ట్రండ్ రస్సెల్ తనను ఎన్నో ప్రశ్నలు అడిగాడని ఈయన చెప్పుకుంటాడు. ఇంగ్లండు ఎప్పుడు వచ్చావు, టీలో చక్కెర ఎన్ని ముక్కలు వేసుకుంటావు అన్నవే ఆ ప్రశ్నలు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు గావ్ సోంగ్‌నియెన్ ఎప్పుడో కీటకశాస్త్రం చదివినవాడు, ఇప్పుడు ఆయనకు మనుషుల్ని వాడుకోవడం తప్ప వేరే శాస్త్రం అక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల శిక్షక పద్ధతిని పరిశీలించి వచ్చానంటూ మంత్రిత్వ శాఖ నుంచి ఒక అధికారి దిగుతాడు. గురుశిష్యుల సాన్నిహిత్యం పేరుతో మేష్టార్లంతా విద్యార్థులతో కలిసి అన్నం తినాలని తీర్మానం అవుతుంది. ఆక్స్‌ఫర్డ్ భోజనశాలల్లో గురువులకు ఎత్తైన వేదిక మీద వేరే బల్ల ఉంటుంది. అక్కడ రెండేళ్లు చదివిన నవలాకారుడికి ఆ సంగతి బాగా తెలుసు. వారానికోసారి ఒక విద్యార్థి తన వ్యాసం చదివి వినిపిస్తే గురువు దాన్ని వాక్యం వాక్యం ప్రశ్నించడం అసలు పద్ధతి. సాన్‌ల్యూకి ఆ భాగం చేరలేదు, భోజనం చేరింది.

ఈ నవల మీద ఒక ఫిర్యాదు న్యాయమైనదే. చియెన్ ఉపమలు ఒక్కోసారి పాత్రల ఊపిరి ఆడనివ్వవు. చిన్న తప్పు చేసినవాడికీ పెద్ద తప్పు చేసినవాడికీ ఒకే కొరడా తగులుతుంది. 1980లో నవల మళ్లీ అచ్చయినప్పుడు ఆయనే అంత సంతృప్తిగా లేరు. అయినా దాన్ని రాసిన పరిస్థితి మరిచిపోకూడదు. 1944 నుంచి రెండేళ్లు, ఎక్కువ భాగం ఆక్రమిత షాంఘైలో, రోజుకు సుమారు 500 అక్షరాల చొప్పున రాశారు. ఆయనకు రాసే తీరిక దొరకాలని యాంగ్ జియాంగ్ పనిమనిషిని కూడా మానిపించి వంటపని తన మీద వేసుకున్నారు. రాత్రి రాసింది ఆమెకు చదివి వినిపిస్తే ఇద్దరూ నవ్వుకునేవారు. ఆకలి, బాంబులు, గూఢచారులు ఉన్న ఊళ్లో కూర్చుని, దేశం కోసం పెట్టామంటున్న విశ్వవిద్యాలయాల్లో దేశం ఎక్కడుందో వెతికిన పుస్తకమిది.

1949 తర్వాత దొంగ పట్టాల కాలం పోయి సరైన అభిప్రాయాల కాలం వచ్చింది. పట్టాకు బదులు పార్టీ పంథా కొలబద్ద అయింది. 1958లో చియెన్ వ్యాఖ్యానంతో సోంగ్ వంశకాలపు కవితల సంకలనం వచ్చింది. దేశభక్తికి మారుపేరైన వెన్ తియెన్‌షియాంగ్ ప్రసిద్ధ గీతాన్ని అందులో చేర్చలేదు. కవిత్వంగా అది నిలవదని ఆయన ఉద్దేశం. బూర్జువా పండితుల 'తెల్లజెండాలు' పీకాలన్న ఉద్యమంలో ఆ సంకలనం విమర్శకు గురయింది. జపాన్ పండితుడు ఒగావా తమాకి దాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాశాక దాడి సద్దుమణిగింది. కానీ 1988 హాంకాంగ్ ముద్రణకు రాసిన ముందుమాటలో, ఆ సంకలనం తన అభిరుచినీ పూర్తిగా చూపలేదు, ఆనాటి వాతావరణాన్నీ పూర్తిగా చూపలేదు అని ఒప్పుకున్నారు. చేర్చవలసినవి కొన్ని వదిలారు, వదలవలసినవి కొన్ని చేర్చారు. ఎవరూ అడగకుండా ముప్పై ఏళ్ల తర్వాత ఈ మాట చెప్పడం చిన్న విషయం కాదు.

సాంస్కృతిక విప్లవంలో, 1969 నవంబరులో, 59 ఏళ్లు నిండబోయే వేళ ఆయన్ను హెనాన్ రాష్ట్రంలోని కార్యకర్తల శ్రమ శిబిరానికి పంపారు. కొన్నాళ్లు, పేరున్న ఒక భాషావేత్తతో కలిసి బాయిలరులో నీళ్లు కాచారు. ఇద్దరికీ ఆ నీళ్లు మరిగించడం చేతకాలేదు. తర్వాత టపా తెచ్చే పని ఇచ్చారు. చిరునామాల్లో అరుదైన అక్షరాలు గుర్తుపట్టి చెబుతుంటే తపాలా కార్యాలయం వాళ్లు సంతోషించి టీ ఇచ్చేవారట. ఆ కాలంలోనే, అమాయకుల పేర్లు రాసివ్వమన్న ఒత్తిడికి లొంగని ఆయన అల్లుడు ప్రాణం తీసుకున్నాడు. 1972లో పెకింగ్ తిరిగి వచ్చాక, సొంత ఇంట్లో ఉండలేని స్థితిలో, భార్యాభర్తలు తాము పనిచేసే సంస్థ కార్యాలయం గదిలోనే కాపురం పెట్టారు. 'గ్వాన్‌జుయ్ బియెన్' అనే మహాగ్రంథంలో చాలా భాగం అక్కడ తయారయింది. 1979లో నాలుగు సంపుటాలుగా జోంగ్‌హువా సంస్థ అచ్చు వేసింది. మార్పుల గ్రంథం, లావోజీ సహా పది ప్రాచీన గ్రంథాల మీద వ్యాఖ్యలు, వాటి పక్కన గ్రీకు, లాటిన్, జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, ఇంగ్లీషు ఉదాహరణలు. అదీ ప్రజలందరికీ అర్థమయ్యే భాషలోనే రాయాలన్న ఆ రోజుల్లో, ప్రాచీన గ్రాంథిక చైనా భాషలో.

ఆ గ్రంథం మొదటి వ్యాఖ్యలోనే హెగెల్‌తో పేచీ ఉంది. చైనా భాష లోతైన ఆలోచనకు పనికిరాదని ఆ జర్మన్ తత్వవేత్త తేల్చేశాడు. హెగెల్‌కు చైనా భాష రాకపోవడం చియెన్‌కు తప్పుగా తోచలేదు. రాని భాష మీద అంత గట్టి తీర్పు ఇవ్వడం, ఆ తీర్పు చూసుకుని తరువాతివాళ్లు తూర్పు పడమరలను రెండు ధ్రువాలుగా విడదీయడం ఆయనకు బాధ కలిగించింది. క్లైడెన్ డాక్టరును చూసిన కళ్లే ఇక్కడా చూశాయి.

1980 నవంబరులో టోక్యోలోని వాసెడా విశ్వవిద్యాలయంలో మాట్లాడినప్పుడు ఆ దృష్టి తన మీదకే తిప్పుకున్నారు. వానలో తడుస్తూ చేతికర్ర మీద గుడ్డ కప్పుకున్న పల్లెటూరివాడు గొడుగు తానే కనిపెట్టాననుకుని పట్నంలో హక్కులు రాయించుకోవడానికి వెళ్లిన ఇటాలియన్ కథ చెప్పి, జపాన్ పండితుల ముందు తన స్థితి అదేనన్నారు. ఆ ఉపన్యాసం కొసన ఒక గంభీరమైన మాట ఉంది. మనిషి ఆయుష్షూ తెలివీ కొంచెమే గనుక చదువును గదులు గదులుగా పంచుకోవడం తప్పదు. ఆ విభజన మన సౌకర్యం కోసమే తప్ప సత్యం ఆ గోడల మధ్య ఉండదు. తన శాఖ దాటి చూడకపోవడమే నైపుణ్యమని గర్వపడే పండితులకు ఇది ఎప్పటికీ పనికొచ్చే హెచ్చరిక.

1981లో యాంగ్ జియాంగ్ ఆ శ్రమ శిబిరం జ్ఞాపకాలను ఆరు అధ్యాయాలుగా అచ్చు వేశారు. ముందుమాట చియెన్ రాశారు, రెండు పేజీలకు మించదు. పుస్తకంలో ఒక అధ్యాయం తక్కువైందని, అది సిగ్గు గురించి రాయవలసిన అధ్యాయమని ఆయన అభిప్రాయం. ఉద్యమాల్లో దెబ్బలు తిన్నవాళ్లు తమ బాధ గురించి రాస్తారు. మిగతావాళ్లు సిగ్గు గురించి రాయాలి. వాళ్లను మూడు రకాలుగా విడదీశారు: అర్థం కాక గుంపుతో పాటు ఇతరులను నిందించినవాళ్లు, అన్యాయమని తెలిసీ నోరు విప్పే ధైర్యం లేక ఉద్యమంలో అంటీముట్టనట్టు నడిచినవాళ్లు, అంతా తెలిసి ఉత్సాహంగా జెండా పట్టినవాళ్లు. తాను రెండో రకమని రాసుకున్నారు. అందరికంటే ఎక్కువ సిగ్గు పడవలసిన మూడో రకానికి అసలు సిగ్గే ఉండదని, మరిచిపోవడం వాళ్లకు సులువని కూడా రాశారు.

ఫాంగ్ హోంగ్‌జియెన్‌ను సృష్టించిన మనిషి మాత్రమే రాయగల ముందుమాట ఇది. నవలలో హాన్‌లు గెలుస్తారు, ఫాంగ్‌లు ఊరు విడిచి పోతారు. 1981లో ఆయన ఆ గెలుపు విలువ ఎంతో మొదటిసారి బయటికి చెప్పారు. తనను ఫాంగ్‌ల వరుసలోనే నిలబెట్టుకుని చెప్పారు. అక్కడే ఆ విమర్శకు బలం వచ్చింది. విశ్వవిద్యాలయం గేటు బయట నిలబడి లోపలివారిని తిట్టడం తేలిక.

ఆయన జీవితంలో ఇబ్బంది పెట్టే సంగతులూ ఉన్నాయి. 1950ల్లో మావో రచనల ఇంగ్లీషు అనువాద సంఘంలో పనిచేశారు. 1982 నుంచి పదేళ్లకు పైగా చైనా సామాజిక శాస్త్రాల అకాడమీకి ఉపాధ్యక్షుడిగా ఉన్నారు. చదువు ఏ మారుమూల పాకలోనో ఇద్దరు ముగ్గురు నిర్మలమైన మనుషులు కలిసి పెంచుకునే వ్యవహారమని, అంగట్లో మోజుగా చెలామణి అయ్యే విద్య పలచబడక తప్పదని మిత్రులతో అనేవారు. ఆ మాటకూ ఉపాధ్యక్ష పదవికీ పొత్తు కుదరదు. 1990లో నవల టీవీ ధారావాహికగా వచ్చి దేశమంతా చూసింది. ఆయన పేరు మీద ఒక ప్రత్యేక శాస్త్రమే పుట్టుకొచ్చింది. తన మీద సభలూ సంచికలూ జరగడం ఆయనకు కిట్టలేదు. అదే ఏడాది 80వ జన్మదినోత్సవం వద్దన్నారు. 1998 డిసెంబరు 19న కన్నుమూసేనాటికి చెప్పి ఉంచిన కోరికలు కొన్నే: ఇద్దరు ముగ్గురు దగ్గరివారు సాగనంపితే చాలు, సభ వద్దు, పూలు వద్దు, అస్థికలు దాచవద్దు.

స్మారక నిధులు, ధర్మనిధి ఉపన్యాసాలు నడిపేవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 2001 సెప్టెంబరులో యాంగ్ జియాంగ్ ఆ ఏడాది మొదటి ఆరు నెలలకు తమ ఇద్దరి పుస్తకాల మీద వచ్చిన రాయల్టీ 7,20,000 యువాన్లు చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి ఒక నిధిగా ఇచ్చారు. ఇక మీదట వచ్చే రాయల్టీలు కూడా ఆ నిధికే జమ కావాలన్నారు. తానూ, పోయిన భర్తా, 1997లో పోయిన కూతురూ ముగ్గురి తరఫున ఇస్తున్నానన్నారు. ముగ్గురిలో ఎవరి పేరూ నిధికి పెట్టనివ్వలేదు. దాన్ని 'చదువంటే ఇష్టం' అని పిలవమన్నారు. చదువు మీద ప్రేమ ఉండి ఇంట్లో డబ్బు లేని విద్యార్థులకు ఆ నిధి నుంచి ఉపకార వేతనాలు అందుతున్నాయి.